చెదల పక్షమున ఒక మనవి

ముద్రణాలయములకును పుస్తక ప్రచురణకును తెలుగునాట పెట్టినపేరైన విజయవాడలో చెదల పక్షము వహించి మాటలాడబూనుట సాహసమేయని ఎరుగుదును. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు మొట్టమొదట సమావేశమైనది ఈ బెజవాడలోనే; తాతలనాటి తాళపత్రములనో, తండ్రులనాటి పత్రికల కట్టలనో అటకమీద భద్రపరచి, పదియేండ్ల తరువాత దింపిచూచి, అక్షరములున్నచోట మట్టిగూళ్ళను కనుగొని నిట్టూర్చిన కుటుంబములు ఈ కృష్ణాతీరమున ఎన్నియో కలవు. అట్టివారియెదుట చెదలలోను మేలుజాతులు కలవనియు, వాని వైవిధ్యము తగ్గిపోవుట మన పొలములకు చేటనియు చెప్పినచో ముందుగా లభించునది చిరునవ్వే. అయినను చెప్పవలసియే యున్నది. ఏలయన, అటకమీది పుస్తకమును తినిన చెదయు, కొండపల్లి అడవిలో రాలిన ఆకును మట్టిగా మార్చుచున్న చెదయు ఒకటి కాకపోవచ్చును. కొందరి నేరమునకు కులమంతటిని శిక్షించుట మనుష్యుల విషయమున అన్యాయమని ఒప్పుకొన్న మనము, పురుగుల విషయమున మాత్రము ఆ విచక్షణను చేజేతుల విడిచిపెట్టితిమి.

భూమండలము మీద నేటివరకు గుర్తింపబడిన చెదజాతులు దాదాపు 3,000. భారతదేశమున 300కు చేరువగా ఉన్నవి. రూన్వాల్, ఛోటానీ అను ప్రాణిశాస్త్రజ్ఞులు జీవితకాలము శ్రమించి కూర్చిన చెదల గ్రంథము మొదటి సంపుటము 1989లోను, ఛోటానీ ఒక్కడే పూర్తిచేసిన రెండవ సంపుటము 1997లోను వెలువడినవి. ఈ మూడువందలలో పైరునకో, కలపకో, కాగితమునకో హాని చేయునవిగా లెక్కకు వచ్చునవి పదింట ఒక పాలునకు అటునిటు మాత్రమే. తక్కినవన్నియు ఎండుగడ్డి, రాలిన ఆకు, పుచ్చిన కొమ్మ, పశువుల పేడ, మట్టిలోని జీవాంశము, వీనితోనే కడుపు నింపుకొని మనజోలికి రాక బ్రతుకునవి. మనకు తెలిసినది ఆ పదవపాలే కనుక, తెలియని తొమ్మిదిపాళ్ళకును దాని పేరే పెట్టినాము.

చెదలను శాస్త్రదృష్టితో మొదట పరిశీలించిన వారిలో అగ్రగణ్యుడైన ఒక మహనీయుడు మన తెలుగుగడ్డ మీదనే కన్నుమూసినాడని చాలమందికి తెలియదు. లినేయసుకు శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిష్ క్రైస్తవ సంఘమునకు వైద్యుడుగా వచ్చి, వైద్యముకంటె చెట్టుచేమలయందును పురుగుపుట్రలయందును మక్కువ హెచ్చినవాడై, తంజావూరు సీమలోని పుట్టలను త్రవ్వించి, రాణిని, కూలిచెదలను, కావలి చెదలను, వాని గదులను వర్ణించి 1779లో బెర్లిన్ పండితసభవారి సంపుటములో ప్రకటించినాడు. పుట్టగర్భమున చెదలు పెంచుకొను బూజుతోటను మొదట కనిపెట్టి వ్రాసినవాడితడే. ఆఫ్రికా పుట్టలను గురించి హెన్రీ స్మీత్‌మన్ లండనులోని రాయల్ సొసైటీకి పంపిన ప్రసిద్ధలేఖ దీనికి రెండేండ్ల తరువాతిది. ఐనను లోకమున కీర్తి యంతయు స్మీత్‌మన్నుకే దక్కినది. కోనిగ్ 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున, రాక్స్‌బర్గు చేరువనుండగా మరణించినాడు. రాక్స్‌బర్గును భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని మనము తలచుకొందుము, మంచిదే. కోనిగ్ పేరు మాత్రము మన పాఠ్యపుస్తకములలో ఎక్కడను కానరాదు.

ఆయన చూచిన బూజుతోటయే ఈ విషయమున కెల్ల కీలకము. మన ప్రాంతమున పుట్టలు కట్టు ఒడాంటోటెర్మెస్ అను వర్గపు చెదలు కలపను నేరుగా జీర్ణించుకొనజాలవు. ఎండుటాకును, పుడకను నమలి, ఒకమారు కడుపులోనుండి పోనిచ్చి, ఆ పదార్థముతో తేనెపట్టువలె గదులుగదులుగానుండు ఒక దిమ్మెను కట్టి, దానిమీద ఒక ప్రత్యేకమైన శిలీంధ్రమును సాగుచేయును. కలపలోని కఠినాంశమును ఆ శిలీంధ్రము మెత్తబరచిన పిమ్మట, పండిన దిమ్మెను మరల తామే భుజించును. తొలకరి వానలకు పుట్టల చెంత, మామిడితోపుల నడుమ గొడుగులు విప్పు పుట్టకొక్కులు ఈ తోటలోని పంటయే. చెదలు లేక ఆ పుట్టకొక్కులు లేవు. మనుష్యుడు పందిరివేసి గడ్డిపరచి పెంచజూచినను అవి లొంగివచ్చుట లేదు. మన కేమో వ్యవసాయము కొన్నివేల యేండ్లనాటి విద్య. చెదల కది కోట్ల సంవత్సరములనాటిది.

ఇంతకును ఈ పురుగు మన సీమకు ఇంత ముఖ్యమగుటకు కారణము మన శీతోష్ణస్థితియే. వాతావరణ శాస్త్రజ్ఞులు విజయవాడను ఉష్ణమండల సవన్నా ప్రాంతమున చేర్చినారు. ఏడాదికి ఇంచుమించు 1,000 మిల్లీమీటర్ల వాన. అదియు జ్యేష్ఠమునుండి కార్తికమువరకే ప్రధానముగా కురియును. తక్కిన నెలలలో నేల ఎండి, రోహిణి కార్తె నాటికి బెజవాడ ఎండకు రోళ్ళు పగులుననుట సామెత మాత్రమే కాదు. తడియున్నంతకాలము ఆకును కుళ్ళజేయు సూక్ష్మజీవులు ఆ నెలలలో నిద్రావస్థలో ఉండును. వానపాములు అడుగుపొరలకు దిగిపోవును. అట్టి సమయమున కూడ, పాతాళమునుండి తడిమట్టిని మోసికొనివచ్చి, గాలికి తేమ చెడకుండ మట్టికప్పు క్రిందనే నడచుచు, రాలిన ప్రతి పుడకను తిరిగి నేలకు చేర్చునది చెద యొక్కటే. వర్షాధార భూములలో, నిప్పు అంటుకొని బూడిదయై పోవలసిన సారము నేలలో నిలుచుట చాలవరకు దీని పుణ్యమే. ఇంత పొడినేలలో చెద ఎక్కడినుండి తడి తెచ్చునని ఆరాతీసినవారు మన పూర్వులలో ఉన్నారు. ఆరవశతాబ్దినాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గలాధ్యాయమున భూగర్భజలమును కనుగొను గుర్తులలో పుట్టను పదేపదే పేర్కొనినాడు. ఆయన చెప్పిన కొలతలన్నియు నేటి బోరుబావులకు సరిపోవునని నేననను. పుట్ట యున్నచోట తడిజాడ వెదకవలెనను బుద్ధి మాత్రము పరిశీలనవలన పుట్టినదే.

కొండపల్లినుండి దివిసీమవరకు ఒకమారు నేలను పరికించినచో ప్రకృతి భూమికిని సేద్యపుభూమికిని గల భేదము చెదల వలన ఎట్లు తెలియునో గోచరించును. ఇబ్రహీంపట్నమునకు పైన కొండపల్లి రక్షితారణ్యము పొదలు, గడ్డి, ఆకురాల్చు చెట్లు కలిసిన అచ్చమైన సవన్నా భూమి. ఆ అడవిలో మూలపాడు చెంత సీతాకోకచిలుకలకు ఒక ఉద్యానవనమును వెలయించినారు. అందమునకు ఉద్యానము, శ్రమకు విషము అని చెదలు వాపోయినచో తప్పుపట్టలేము. అట్టి అడవిలో గడ్డి తినునవి, కలప తినునవి, ఆకు తినునవి, మట్టి తినునవి ఒకే ఎకరమున వేరువేరు పొరలలో కాపురముండుటకు వీలుకలదు. తూర్పునకు నూజివీడు మామిడితోటలకు వచ్చుసరికి, దున్నకము తక్కువయై, నీడయు ఆకురాలుడును కొంత నిలిచియున్నందున కొన్నియైన మిగులును. పడమట నందిగామ, జగ్గయ్యపేటల మెట్టపొలములలో పత్తి, మిరప, మొక్కజొన్న, కాగితపు మిల్లులకై వేసిన సుబాబుల్, జామాయిల్ తోటలు. యంత్రపు నాగలి పుట్ట నెక్కడను నిలువనీయదు. ఇక బ్యారేజీకి దిగువ సంగతియే వేరు. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి, అది తెగిన తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది మొదలుకొని నేటివరకు, 13 లక్షల ఎకరముల మాగాణి నెలలతరబడి నీటిలో నానుచున్నది. నీరు నిలిచిన మడిలో చెద గూడుకట్టజాలదు. కాబట్టి డెల్టాలో చెదలకు మిగిలిన మాన్యములు ఇవే: కాలువగట్లు, చెరువుగట్లు, తాటితోపులు, శ్మశానములు, గుడితోటలు, ఊరిబయటి పోరంబోకు.

రైతు సోదరులు ఈ సందర్భమున అడుగు ప్రశ్న నాకు వినబడుచునే యున్నది. పొలములో చెదజాతులు తగ్గినచో మంచిదే కదా, తెగులు తగ్గును కదా అని. ఇచ్చటనే మన తర్కము తలక్రిందగుచున్నది. ఆఫ్రికాలో నైజీరియాదేశపు మొక్వా ప్రాంతమున, మనవంటి సవన్నా నేలలలో, 1970ల దశకమున వుడ్, జాన్సన్, ఒహియాగు అను పరిశోధకులు సహజమైన పొదలభూమిలోను, దానిని నరికి సేద్యమునకు తెచ్చిన చేలలోను చెదలను లెక్కించి చూచినారు. నాగలి పడిన చేలలో పెద్దపుట్టలు కట్టునవి, గడ్డి తినునవి అంతరించినవి. కాని నేలలోతున చిన్నచిన్న గదులను అక్కడొకటి ఇక్కడొకటిగా చెదరగొట్టి కట్టుకొను మైక్రోటెర్మెస్ అను సన్నచెద తగ్గలేదు సరికదా, పెరిగినది. నాగలికర్రు దాని గదులవరకు పోదు. పోటీపడు జాతులు పోయినవి. ఎండుగడ్డి, రాలిన పుడక అను పూర్వపు ఆహారమును మనుష్యుడు ఊడ్చివేసినాడు. మిగిలిన తిండి పైరొక్కటే. ఈ మైక్రోటెర్మెస్ వర్గపుది మన మెట్టపొలములలోను కలదు. వేరుశనగ, మొక్కజొన్న, మిరపవేళ్ళను కొరుకుచున్న దొంగలలో అదియు ఒకటి. అనగా, జాతులు తగ్గినంతమాత్రమున తెగులు తగ్గదు. సాధుజాతులు ముందుగా పోయి, మొండిజాతులు మిగులును. ఆ మొండిజాతులను ఏరి మన చేలలో నిలుపుచున్నది మన సేద్యపు పద్ధతియే.

దీనికి తోడు మనము చేయుచున్న మరికొన్ని పనులను విచారింపుడు. కోతయంత్రములు వచ్చిన తరువాత వరికొయ్యలను, పత్తికట్టెను పొలములోనే తగులబెట్టుట వాడుకయైనది. ఒకప్పుడు జొన్న పండిన మెట్టలో నేడు మొక్కజొన్న. ఆఫ్రికాలో పరిశీలించినవారు ఆ దేశవాళీ జొన్న, సజ్జలకంటె పరదేశపు మొక్కజొన్నకే చెదబాధ హెచ్చని వ్రాసియున్నారు. జామాయిల్ లేతమొక్కలకు చెద ప్రథమశత్రువని తోటలు వేసినవారికందరికిని తెలియును. దిబ్బమీది పెంట పూర్తిగా మాగకముందే పొలమునకు తోలినచో అది చెదలకు విందుపిలుపు. ఈ మాట వ్యవసాయాధికారులు ఏటేట చెప్పుచునే యున్నారు, మనము ఏటేట వినకయే యున్నాము. పిమ్మట ముందుజాగ్రత్తయని పేరుపెట్టి, చెద కనబడినను కనబడకున్నను, గుళికలు చల్లి, మందునీళ్ళు పోసి నేలను తడుపుట. ఒక తరమువారు గమాక్సిన్ పొడిని విభూతివలె చల్లినారు. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ మొదలగువానిని ఇంటి పునాదులలోను చేలలోను పోసినారు. అవన్నియు నేడు నిషిద్ధములు, కాని వాని అవశేషములు నేలలో యేండ్లతరబడి నిలుచునని తెలిసిన తరువాతనే గదా ఆ నిషేధము వచ్చినది! పేర్లు మారినవి, అలవాటు మారలేదు.

అట్లని రైతు నష్టమును నేను చులకనచేయుట లేదు. ఉయ్యూరు పరిసరములలో చెరకు నాటినవాడు ముచ్చెలు మొలవకముందే లోపల డొల్లలై మట్టినిండుట చూచినచో, వానికి జీవవైవిధ్యమును గూర్చి ఉపన్యసించువాని మీద కోపము వచ్చుట సహజము. లేత కొబ్బరిమొక్క మొవ్వు వాడిపోయినప్పుడును అంతే. అట్టిచోట ముచ్చెలకు, విత్తనములకు మాత్రము మందు పట్టించుట న్యాయమైన ఆత్మరక్షణ; నేలనంతటిని విషమయము చేయుట దండయాత్ర. ఈ రెండింటికిని గల దూరమును మనము గుర్తింపవలెను. మామిడిబోదెమీద మట్టిపొర కనబడగానే చెట్టు చచ్చునని బెదరువారు కలరు. పెద్దచెట్టు విషయమున చెద సాధారణముగా తినునది ఎండిన పైబెరడునే. ఆ మట్టిని తుడిచి, బోదెకు సున్నము పూసి, చెట్టు మొదట ఎండుకొమ్మలు పోగుపడకుండ చూచుకొన్నచో చాలవరకు సరిపోవును.

చెదవలన పంటకు ప్రత్యక్షమైన లాభము కలదని చెప్పు నిదర్శనములును లోకమున లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని ఒక మెట్టప్రాంతమున చీమలను, చెదలను మందువేసి తొలగించిన మడులకంటె, వానిని యథేచ్ఛగా విడిచిన మడులలో గోధుమ దిగుబడి 36 శాతము అధికముగా వచ్చినదని 2011లో ప్రకటించినారు. వాని సొరంగములగుండ వాననీరు నేలలోనికి ఇంకుటయు, నేలలో నత్రజని పెరుగుటయు అందులకు కారణములు. బుర్కినాఫాసోలో యాకూబా సవడోగో అను రైతు, ఎండి గట్టిపడిన బీడులో గుంతలు తీసి, పెంటవేసి, చెదలను తానై ఆహ్వానించి, అవి త్రవ్విన రంధ్రములద్వారా నీరింకగా ఆ బీడును అడవిగా మార్చి ప్రపంచఖ్యాతి నొందినాడు. ఇవి రెండును మెట్టభూముల కథలు. డెల్టాలోని దమ్ముచేసిన మడికి వీనిని యథాతథముగా అన్వయింపరాదు. కాని జగ్గయ్యపేట, మైలవరము, తిరువూరు ప్రాంతములలో వాననీరు ఇంకక కొట్టుకొనిపోవుచున్న ఎర్రచెలకలకు ఇందులో నేర్చుకొనదగినది ఎంతయో కలదు.

మన ఆచారముల సంగతి ఒకింత విచిత్రము. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు పుట్టలో వెలసినాడని నమ్మి, గర్భాలయమున స్వామిచెంతనున్న రంధ్రములో భక్తులు పాలుపోయుదురు. నాగులచవితినాడు డెల్టాలోని ప్రతి ఊరను స్త్రీలు పుట్టను వెదకుకొని పోవుదురు. పెండ్లిలో నవధాన్యములను మొలకెత్తించుటకు పుట్టమన్ను కావలెను. ఆదికవికి పేరు పుట్టవలననే వచ్చినది. సుమతీశతకకారుడు ఆ పుట్టలను కట్టిన ఘనతను చీమలకు కట్టబెట్టినాడనుకొనుడు. కవులకు ఆమాత్రపు స్వాతంత్ర్యమున్నది. ఇంతగా పుట్టను పూజించు మనమే మరునాడు జె.సి.బి. తెప్పించి, లేఅవుటు పేరిటనో, రోడ్డు విస్తరణ పేరిటనో, గ్రావెలుకొరకో ఆ పుట్టను గట్టుతోసహా చదునుచేయుదుము. పట్టణములలో చవితినాడు పుట్ట దొరకక, ఎవరో మట్టితో కట్టించిన కృత్రిమపు పుట్టయెదుట బారులు తీరుచున్నారు. దేవుని యిల్లుగా మ్రొక్కుచు, కట్టిన కూలిని విషము పెట్టి చంపుట ఏ శాస్త్రమున ఉన్నదో పెద్దలే సెలవీయవలెను.

దోషము మన రెవెన్యూ లెక్కలలోను కొంత కలదు. గడ్డి, పొద, పుట్ట కలిసిన సవన్నానేలకు మన రికార్డులలో పేరులేదు. ఉన్నవి బంజరు, బీడు, పోరంబోకు అను పేర్లు మాత్రమే. అడవియైనచో కాపాడుటకు ఒక శాఖయు, పొలమైనచో పన్నుకట్టుటకు ఒక యజమానియు ఉందురు, బీడునకు దిక్కులేదు. ఎవరికేది కావలసినను ముందు చూపుపడునది దానిమీదనే. గట్టు వెడల్పు తగ్గించి సాలు కలుపుకొను రైతును, చెరువుగట్టు నాక్రమించు పెద్దమనిషిని, పోరంబోకులో గోతులు తీయు కంట్రాక్టరును వేరువేరుగా చూచినచో చిన్నతప్పులే. అన్నియు కలిసి డెల్టాలో చెదలకు మిగిలిన ఆ కొద్దిపాటి మాన్యములను గూడ హరించుచున్నవి.

చేయదగినది పెద్ద వ్యయముతో కూడినది కాదు. చెదవైవిధ్యమును కొలుచుటకు ప్రపంచమంతట అంగీకృతమైన ఒక సులభపద్ధతి 2000వ సంవత్సరమునుండి ప్రచారములోనున్నది: 100 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పుగల ఒక పట్టీని గుర్తించి, దానిని 20 ముక్కలు చేసి, ముక్క కొక గంట చొప్పున మట్టిని, పుడకలను, మోడులను వెదకి దొరికిన చెదలను సీసాలలో చేర్చుట. దీనికి కావలసినది గునపము, చిమటా, ఓపిక. లాం ఫారములో ప్రధానకార్యాలయముగల ఆచార్య ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయమువారును, విజయవాడ కళాశాలలలోని జంతుశాస్త్ర శాఖలవారును కూడి, కొండపల్లి అడవిలో ఒక పట్టీ, నూజివీడు తోటలో ఒకటి, నందిగామ పత్తిచేనిలో ఒకటి, అవనిగడ్డ కాలువగట్టున ఒకటి తీయించినచో, ఏ జాతి ఎక్కడ నిలిచినదో, ఏది పైరుకు శత్రువో, ఏది కాదో రైతుకు పేరుపెట్టి చెప్పవచ్చును. పేరు తెలియని శత్రువునకు మందు వాడించుటకంటె పేరు తెలిసికొనుట చౌక.

మరియొక అవకాశమును చట్టమే కల్పించినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయందును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండి, ఊరిలోని చెట్టుచేమలను, జీవజాలమును ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదుచేయవలెను. ఆ రిజిస్టరులో మామిడిరకములకు, పశువులకు, పక్షులకు చోటున్నప్పుడు, పుట్టలకు, పుట్టకొక్కులు మొలుచు తావులకు, తొలకరిని ఉసిళ్ళు లేచు గట్లకు చోటీయకుండుటకు హేతువు లేదు. నమోదైన పుట్టను చదునుచేయబూనువాడు కనీసము ఒకరికి సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. కాబట్టి కృష్ణా, ఎన్.టి.ఆర్. జిల్లాల సర్పంచులకును, కార్తికశుద్ధ చవితినాడు పాలచెంబుతో బయలుదేరు సోదరీమణులకును నా విన్నపమొక్కటే: ఈ యేడు పుట్టకు పాలుపోసి వచ్చిన వెంటనే, ఆ పుట్టయున్న సర్వే నంబరును మీ పంచాయతీ రిజిస్టరులో వ్రాయింపుడు.